చివరి మ్యాచ్‌కి ఎనిమిదిమంది మిగలాలి

గుంటూరు

చిరంజీవి అమ్మడికి పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్ను కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టుకి కెప్టెన్ని చేశారని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం తల్లీ. సీజన్ ఎలా నడపాలో రాసి పంపమన్నావట. ఫోన్‌లో చెబితే సగం గాలికి పోతుంది కాబట్టి కాగితం మీదే పెడుతున్నాను. మీ పీడీ (ఆటలు నేర్పే ఫిజికల్ డైరెక్టర్) మేడంకి కూడా చూపించు. ఆవిడకి నచ్చనిది ఏదైనా ఉంటే ఆవిడ మాటే విను.

ఆడపిల్లల కాలేజీ జట్లు ఎక్కువగా మనుషులు చాలకే ఓడిపోతాయి. జులైలో పన్నెండు మంది పేర్లిస్తారు. మ్యాచ్‌ల నాటికి ఒకమ్మాయికి చీలమండ బెణుకుతుంది, ఇద్దరికి ఇంటర్నల్స్ అడ్డం వస్తాయి, ఒకమ్మాయిని ఇంట్లో పంపరు, ఇంకొకమ్మాయి సర్టిఫికెట్‌లో పేరు కలవదు. ఏడుగురు మిగులుతారు. వాళ్లలో ఇద్దరు ఐదో ఫౌల్ చేసి బయటికొచ్చేస్తే చివరి క్వార్టర్ ఎలా ఉంటుందో ఊహించుకో. అందుకని ఈ ఏడు నీ లెక్క ఒకటే: చివరి మ్యాచ్ చివరి నిమిషానికి ఆడగలిగిన పిల్లలు ఎనిమిదిమంది ఉండాలి. కింద రాసేదంతా ఆ లెక్క కోసమే.

ముందు మీ కోర్టు కొలువు. పీవీసీ పైపు ఒకటి తెచ్చి 3.05 మీటర్ల దగ్గర మార్కర్‌తో గీత పెట్టు. నేల నుంచి రింగు పై అంచుకి అంతే ఉండాలి. ముందు అంచు దగ్గర ఒకసారి, బోర్డు వైపు ఒకసారి చూడు. మగపిల్లలు వేలాడిన రింగులు ముందుకి వంగిపోయి ఉంటాయి. వంగిన రింగులో బంతి తేలిగ్గా పడుతుంది, దానికి అలవాటైన చెయ్యి మ్యాచ్ రోజున వేసేవన్నీ రింగు దాకా అందవు. తర్వాత ఫ్రీత్రో గీత, అంటే ఫౌల్ పడ్డాక ఎవరూ అడ్డం లేకుండా షాట్ వేసే చోటు. దారానికి రాయి కట్టి బోర్డు ముందు ముఖానికి ఆనించి వేలాడదియ్యి. రాయి నేలకి తగిలిన చోట సుద్దముక్కతో గుర్తు పెట్టు. అక్కడి నుంచి గీత అవతలి అంచు దాకా 4.60 మీటర్లు రావాలి. చాలా కాలేజీల్లో పెయింటర్ పోలు దగ్గర నుంచి అందాజుగా కొలిచి గీసేస్తాడు, అడుగు తేడా వచ్చినా ఎవరూ గమనించరు. రింగుల కింద పోలుకి పాత పరుపు గానీ ఫోమ్ గానీ మనిషి ఎత్తు దాకా చుట్టి తాళ్లతో బిగించండి. వానాకాలంలో సిమెంటు మీద పాకుడు పడితే బ్లీచింగ్ చల్లి అరగంట ఆగి గట్టి బ్రష్‌తో రుద్ది కడిగించాలి. తడి ఆరకుండా ఆడొద్దు. పొడిగా ఉన్నా ఇసుక ఉంటే కాలు జారుతుంది, అందుకే ప్రాక్టీస్‌కి ముందు ఇద్దరు చీపురు పట్టడం రోజూ జరగాలి.

బంతి సంగతి ఇంకా ముఖ్యం. ఆడపిల్లలు ఆడేది ఆరో నంబర్ బంతి, చుట్టుకొలత సుమారు 72-73 సెంటీమీటర్లు. మగపిల్లలది ఏడో నంబర్. స్టోర్‌రూమ్‌లో ఏడో నంబర్లే ఉన్నాయని వాటితో నేర్పిస్తే బలం చాలక పిల్లలు రెండు చేతులతో గుండెల దగ్గర నుంచి తోస్తారు. ఆ అలవాటు పడితే ఎదురుగా మనిషి చెయ్యెత్తి నిలబడగానే షాట్ ఆగిపోతుంది. పన్నెండు మందికి కనీసం ఆరు బంతులు అడుగు, ఆరో నంబరే అడుగు. సిమెంటు కోర్టుకి రబ్బరు బంతులు చాలు. మ్యాచ్ బంతి ఒకటి మాత్రం చివరి రెండు వారాలకి దాచి ఉంచండి. గాలి ఎంత కొట్టాలో బంతి మీదే రాసి ఉంటుంది.

జట్టు ఎంచేటప్పుడు బాస్కెట్‌బాల్ వచ్చినవాళ్ల కోసమే వెతక్కు. మన వైపు ఆడపిల్లలు స్కూల్లో ఖోఖో, కబడ్డీ ఎక్కువ ఆడి ఉంటారు. ఖోఖో పిల్లకి ఊపిరీ, వంగి పరిగెత్తే కాళ్లూ ఉంటాయి. వాలీబాల్ పిల్లకి ఎగరడం తెలుసు. అయితే ఖోఖో నుంచి వచ్చినవాళ్లు బంతి పట్టుకుని కూడా పరిగెత్తేస్తారు, ట్రావెలింగ్ (బంతి నేలకి కొట్టకుండా అడుగులేసిన తప్పు) పడుతూనే ఉంటుంది. వాళ్లకి మొదటి రెండు వారాలు ఒక్కటే నేర్పు: పరుగులో బంతి అందుకోవడం, రెండు కాళ్ల మీద ఒకేసారి దిగి ఆగడం, ఒక కాలు మేకు కొట్టినట్టు ఉంచి రెండోదాని మీద తిరగడం. రోజుకి యాభైసార్లు. విసుగ్గానే ఉంటుంది, మానొద్దు.

ఇంక ఇది రెండుసార్లు చదువు. ఆడపిల్లల ఆటలో పెద్ద ప్రమాదం మోకాలి లోపలి లిగమెంటు తెగడం, ఏసీఎల్ అంటారు. ఎవరో గుద్దితేనే తెగుతుందనుకోవద్దు. ఎక్కువగా ఎవరూ తగలకుండానే, ఎగిరి దిగేటప్పుడో, పరుగులో గబుక్కున పక్కకి తిరిగేటప్పుడో, మోకాలు లోపలికి వాలి తెగుతుంది. తెగిందంటే మళ్లీ కోర్టులోకి రావడానికి తొమ్మిది నెలలైనా పడుతుంది, అంటే ఆ పిల్లకి సీజన్ పోయినట్టే. మగపిల్లల కంటే ఆడపిల్లలకి ఇది ఎక్కువ. దీన్ని చాలావరకు తగ్గించవచ్చు, వారానికి మూడు రోజులు పావుగంట చాలు. అడుగు ఎత్తు మెట్టు మీద నుంచి కిందికి దిగి రెండు కాళ్ల మీద ఆగాలి, ఐదేసి చొప్పున మూడుసార్లు. దిగినప్పుడు మోకాళ్లు వంగాలి, పాదాల వేళ్లు ఎటు చూస్తే మోకాళ్లూ అటే చూడాలి. చప్పుడు కాకూడదు. నువ్వు ఎదురుగా కూర్చుని మోకాళ్లనే చూడు. రెండు మోకాళ్లూ ఒకదానికొకటి దగ్గరకొస్తున్న పిల్ల ఎవరో రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. ఆ పిల్లకి ఎగిరే పని తగ్గించి, వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము పైకెత్తే వ్యాయామం పన్నెండేసి మూడుసార్లు, ఒంటికాలి మీద సగం కూర్చుని లేవడం ఎనిమిదేసి మూడుసార్లు చేయించు. అందరికీ ఒంటికాలి మీద అర నిమిషం నిలబడటం, మునివేళ్ల మీద లేవడం పదిహేనేసి. చీలమండకి అదే కాపు.

చీలమండ బెణికితే ఆట అక్కడే ఆపాలి. గుడ్డలో చుట్టిన ఐసు పావుగంట పెట్టి, క్రేప్ బ్యాండేజీ వేళ్ల దగ్గర నుంచి పైకి చుట్టి, కాలు దిండు మీద ఎత్తి ఉంచాలి. జండూబామ్ రాసి రుద్దడం, నరం బెణికిందని ఎవరితోనో లాగించడం మొదటి రెండు రోజులు అసలు పనికిరావు, వాపు పెరుగుతుంది. ఆ కాలి మీద నాలుగు అడుగులు వేయలేకపోతే ఎక్స్‌రే తీయించాలి. నొప్పి లేదనగానే దింపేయొద్దు. బెణికిన కాలి మీదే పదిసార్లు గెంతగలిగితే అప్పుడు దింపు.

రక్తం సంగతి కూడా చెప్పాలి. సీజన్ మొదట్లోనే అందరికీ హిమోగ్లోబిన్ చూపించండి. 12 కంటే తక్కువ ఉంటే రక్తహీనత. రెండో క్వార్టర్‌కే ఆయాసపడే పిల్లని బద్ధకమని తిడుతుంటారు, చూస్తే తొమ్మిదో పదో ఉంటుంది. మాత్రలు డాక్టరు చెప్పినట్టు వాడాలి. తిండిలో తోటకూర, మునగాకు, బెల్లం వేసిన పల్లీ ఉండలు పెరగాలి. కూరలో నిమ్మకాయ పిండుకుంటే ఐరన్ బాగా ఒంటబడుతుంది, భోజనం చేస్తూనే టీ తాగితే పట్టదు. నెలసరి రోజుల్లో ఆడగలనన్న పిల్లని ఆడనియ్యి, కడుపునొప్పితో వంగిపోయే పిల్లని ఆ రోజు ఫ్రీత్రోలకే పరిమితం చెయ్యి. జట్టు సంచిలో ప్యాడ్లు ఎప్పుడూ ఉండాలి. సీజన్‌లో మూడు నెలలు వరసగా నెలసరి రాకపోతే మాత్రం, బరువైన ప్రాక్టీస్ వల్లేలే అని వదిలేయకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

మీ బెజవాడ ఉక్కలో నీళ్ల లెక్క తప్పకూడదు. సాయంత్రం ప్రాక్టీస్‌కి మనిషికి లీటరున్నర పడుతుంది, పన్నెండు మందికి ఇరవై లీటర్ల టిన్ను ఒకటి. దాహం వేసేదాకా ఆగకుండా ప్రతి పావుగంటకీ ఒక గ్లాసు తాగాలి. ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్టు లీటరు నీళ్లకి. గ్లాసులో కలిపి తాగితే చిక్కనై వాంతి అవుతుంది. ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ అంతకంటే సుఖం. మధ్యాహ్నం పన్నెండున్నరకి తిన్న అన్నం నాలుగున్నరకి అరిగిపోతుంది కాబట్టి పావుతక్కువ నాలుగుకి ఒక అరటిపండు గానీ రెండు పల్లీపట్టీలు గానీ తినాలి. ప్రాక్టీస్ అయ్యాక గేటు బయట పునుగుల బండి దగ్గర గుమిగూడకుండా, రెండు ఉడికించిన గుడ్లో, గుప్పెడు ఉడికించిన శనగలో తినేలా చూడు.

ఇక ఆట. కోర్టు సాయంత్రాలు మగపిల్లలదై ఉంటుంది. సర్దుకుపోయి ఒక మూల ఆడొద్దు. సోమ, బుధ, శుక్రవారాలు నాలుగున్నర నుంచి ఆరింటి దాకా పూర్తి కోర్టు ఆడపిల్లలకని ప్రిన్సిపాల్ గారి దగ్గర కాగితం మీద తీసుకో. హాస్టల్ వార్డెన్‌కి ఒక కాపీ ఇవ్వు. ఆ తర్వాత గొడవలుండవు.

మీ స్థాయి మ్యాచ్‌ల్లో పాయింట్లు వచ్చేది లేఅప్‌ల (పరుగున రింగు దగ్గరికెళ్లి ఎగిరి వేసే షాట్ల) నుంచీ ఫ్రీత్రోల నుంచీ. మూడు పాయింట్ల షాట్ల మీద పొద్దు పుచ్చొద్దు. కుడి వైపు నుంచి వెళ్తే కుడి అడుగు, ఎడమ అడుగు, ఎడమ కాలి మీద ఎగరడం. చూపు బోర్డు మీది చిన్న చతురస్రం పైమూల మీద. ఎడమ వైపు నుంచి దీనికి తిరగేసి. ఎడమ వైపు కూడా కుడి చేత్తోనే వేసే పిల్లని రెండో మ్యాచ్‌కల్లా అందరూ కనిపెట్టేస్తారు. అందుకే కుడి నుంచి పది వేస్తే ఎడమ నుంచి ఇరవై వేయించు. షాట్ నేర్పేటప్పుడు రింగుకి ఐదడుగుల దూరంలో నిలబెట్టి ఒంటిచేత్తో రోజుకి పాతిక వేయించు. పదికి ఎనిమిది పడ్డాకే ఒక అడుగు వెనక్కి.

ఫ్రీత్రోలు ప్రాక్టీస్ చివర యాభై వరసగా వేయించడం దండగ. వరసగా వేస్తే ఆరోది నుంచి చెయ్యి కుదురుతుంది, మ్యాచ్‌లో వచ్చేవి రెండే. కోర్టు ఆ చివరి నుంచి ఈ చివరికి రెండుసార్లు పరిగెత్తి, వచ్చి రెండు వేయాలి. మళ్లీ పరుగు, మళ్లీ రెండు. అలా పది విడతలు. రిఫరీ బంతి చేతికిచ్చాక ఐదు సెకన్లే ఉంటాయి కాబట్టి ప్రతి పిల్లకీ ఒకటే వరస ఉండాలి, బంతి నేలకి మూడుసార్లు కొట్టి, ఊపిరి వదిలి, వేయడం. నోటుబుక్కులో పేరు పక్కన 20కి ఎన్నో రోజూ రాయి. 12 దాటినవాళ్లు చివరి నిమిషాల్లో కోర్టులో ఉండాల్సినవాళ్లు.

డిఫెన్స్‌కి ముందు ఇద్దరు, వెనక ముగ్గురు ఉండే జోన్ పెట్టుకోండి, అంటే ఎవరి చోటు వాళ్లు కాయడం. మనిషికి మనిషి పట్టుకుంటే ఫౌళ్లు పెరుగుతాయి, ఉన్న ఎనిమిదిమందీ అరిగిపోతారు. ఈ జోన్‌కి రెండు కన్నాలున్నాయి. ఒకటి ఫ్రీత్రో గీత మధ్య, రెండోది మూలలు. మధ్యకి బంతి వస్తే వెనక వరసలో నడిమి పిల్ల ముందుకి రావాలి, పక్కవాళ్లు రింగు కిందికి సర్దుకోవాలి. మూలకి వెళ్తే ఆ వైపు వెనక పిల్ల వెళ్లాలి. ఎవరు వెళ్లాలో నోటితో అరవకపోతే ఇద్దరూ వెళ్తారు, లేదా ఎవరూ వెళ్లరు. షాట్ పడుతుందో లేదో చూస్తూ నిలబడకుండా, వెంటనే దగ్గరున్న ప్రత్యర్థికి వీపు ఆనించి అడ్డం పడాలి. ఫౌళ్లలో సగం బంతి కోసం చెయ్యి చాపడం వల్లే. వారానికోరోజు అందరూ వీపు వెనక తువ్వాలుని రెండు చేతులతో పట్టుకుని కాళ్లతోనే అడ్డుకోవడం ఆడండి.

ఎదుటివాళ్లు ఫుల్ కోర్టు ప్రెస్ వేస్తే, అంటే బంతి లోపలికి వేసే దగ్గర నుంచే కోర్టంతా అడ్డుకుంటే, కంగారుపడే జట్లే ఎక్కువ. లోపలికి వేయడానికి ఐదు సెకన్లు, మధ్య గీత దాటడానికి ఎనిమిది. ఇద్దరు దగ్గరకొచ్చి అందుకోవాలి, ఒకరు సెంటర్ సర్కిల్‌లో మొహం బంతి వైపు పెట్టి నిలబడాలి, ఒకరు రింగు దగ్గర. అందుకోగానే డ్రిబుల్ (బంతి నేలకి కొడుతూ నడవడం) మొదలుపెట్టకుండా తలెత్తి చూసి, మధ్యలో ఉన్నవాళ్లకి పాస్. ఇది నేర్చుకోవడానికి పక్క స్కూలు ఎనిమిదో తొమ్మిదో తరగతి మగపిల్లల్ని ప్రెస్ వేయమనండి. చిన్నగా ఉంటారు, చురుగ్గా ఉంటారు, అలసిపోరు.

మీది డిగ్రీ కాలేజీ కాబట్టి కృష్ణా యూనివర్సిటీ ఇంటర్ కాలేజియేట్. బాగా ఆడినవాళ్లని యూనివర్సిటీ జట్టుకి తీసుకుంటారు, ఆ జట్టు యూనివర్సిటీల మధ్య జరిగే సౌత్ జోన్ పోటీలకి వెళ్తుంది. సర్క్యులర్ ఆలస్యంగా వస్తుంది, రాగానే పరిగెత్తేలా కాగితాలు ఆగస్టులోనే సిద్ధంగా ఉండాలి. పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, ఆధార్, కాలేజీ ఐడీ, ఫీజు రసీదు, ఫొటోలు, రెండేసి సెట్లు. అసలు తిప్పలు పేరు దగ్గర వస్తాయి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు పూర్తిగా ఉంటుంది, కాలేజీ ఐడీలో వెనక పొడి అక్షరమై ఉంటుంది, ఆధార్‌లో ఇంకోలా ఉంటుంది. ఎంట్రీ ఫారంలో పదో తరగతి మెమోలో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా రాయించు. హాజరు కోసం ఆన్ డ్యూటీ లెటర్ వెళ్లేముందే ప్రతి డిపార్ట్‌మెంటుకీ ఇవ్వాలి, వచ్చాక ఎవరూ వినరు.

దసరా సెలవుల్లో హాస్టల్ పిల్లలు ఇళ్లకి వెళ్లి పిండివంటలతో తిరిగొస్తారు, పది రోజుల్లో ఊపిరి సగమైపోతుంది. ఇంటి దగ్గర రోజూ ఇరవై నిమిషాల స్కిప్పింగూ, పైన రాసిన మోకాళ్ల వ్యాయామమూ చేసి నీకు మెసేజ్ పెట్టమను. పంపనంటున్న తల్లిదండ్రులకి మేడం చేత ఆ సెలవుల్లోనే ఫోన్ చేయించు. ఎక్కడికి వెళ్తున్నారు, ఎక్కడ పడుకుంటారు, వెంట ఎవరు, ఏ రోజు ఏ టైంకి దిగుతారు, ఈ నాలుగూ చెబితే చాలామంది ఒప్పుకుంటారు. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకి ఛార్జీ లేదు కాబట్టి ఖర్చు మాట కూడా రాదు. ఆధార్ మాత్రం ప్రతి పిల్లా చేతిలో ఉంచుకోవాలి.

మ్యాచ్ ముందు రోజు రాత్రి ముక్కుపుడకలు, చెవి దిద్దులు, గాజులు, గొలుసులు తీసేయాలి. నగలతో, జడ పిన్నులతో ఆడనివ్వరు. మర తిరగని ముక్కుపుడక ఉన్న పిల్లని వారం ముందే కంసాలి దగ్గరికి పంపు, కోర్టు పక్కన పీకితే రక్తం వస్తుంది. పొడుగు జడని పైకి మడిచి గుడ్డ రబ్బరు బ్యాండుతో రెండు చోట్ల బిగించాలి. జెర్సీలు లేత రంగొకటి, ముదురు రంగొకటి; షెడ్యూల్లో మొదట పేరున్న జట్టుది లేత రంగు. జెర్సీ నంబరూ, స్కోర్‌షీట్‌లో నంబరూ నువ్వే వెళ్లి కలిపి చూసుకో.

మేనేజర్ల మీటింగులో రెండు అడిగించు: క్వార్టర్ పది నిమిషాలేనా, విజిల్ పడ్డప్పుడు గడియారం ఆపుతారా. ఆపకపోతే ఆట చాలా పొట్టిదవుతుంది, మొదటి క్వార్టర్లో వెనకబడితే కోలుకోవడం కష్టం. తొమ్మిదింటికి మ్యాచ్ అయితే ఆరున్నరకి మూడు నాలుగు ఇడ్లీలు, ఎనిమిదింపావుకి అరటిపండు. పూరీ, వడ వద్దు. ప్రతి క్వార్టర్లో ఐదో నిమిషానికి ఇద్దరిని మార్చండి, అలసిపోయేదాకా ఆగొద్దు. హాఫ్‌టైంకి ముందే మూడో ఫౌల్ పడిన పిల్లని కూర్చోబెట్టండి. క్వార్టర్లో జట్టు ఫౌళ్లు నాలుగు దాటితే ఐదో దాని నుంచి వాళ్లకి రెండేసి ఫ్రీత్రోలు, కాబట్టి బెంచి మీద ఒక పిల్ల వేళ్లతో లెక్క చూపిస్తూ ఉండాలి. టైమవుట్లు మొదటి సగంలో రెండు, రెండో సగంలో మూడు, అందులో చివరి రెండు నిమిషాల్లో రెండుకి మించి వాడనివ్వరు. రిఫరీతో కెప్టెన్‌గా నువ్వే మాట్లాడాలి, బంతి ఆగి ఉన్నప్పుడే, "సార్" అని. మిగతా పిల్లలెవరూ నోరెత్తకుండా చూసుకోవడం నీ పని. వాదనకి దిగితే వేసే టెక్నికల్ ఫౌల్ కూడా ఐదు ఫౌళ్లలో ఒకటిగా పడుతుంది.

ఈ ఆదివారం దారం, రాయి, పైపు పట్టుకుని కోర్టుకి వెళ్లు. కొలతలు వాట్సాప్‌లో పెట్టు. రింగు తేడా ఉంటే వెల్డర్‌కి ఎలా చెప్పాలో ఆ రాత్రే ఫోన్‌లో చెబుతాను.

మీ అమ్మనీ నాన్ననీ అడిగానని చెప్పు.

ఇట్లు
మీ పెద్దమ్మ